లంకామె కాళ్ళకు మన మెట్టెలు

మొగిలి ఆ రోజు వాన కోసం కొట్లాడి గెలిచాడు. సీతాబాయి చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకొని గుమ్మంలో నిలబడి మొదలు నుంచి చివరి దాకా చూసింది. చూడటమేమిటి, తీర్పు చెప్పిందే ఆమె.

కొండాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగు, అందులో మూడో అంతస్తు, అక్కడ క్రిస్టోఫర్ సారు స్టూడియో. చుట్టుపక్కల దేశాల టీవీల వాళ్ళు కలిసి ఒక మాట అనుకున్నారు. మీ కథలు మాకివ్వండి, మావి మీరు తీసుకోండి, ఒకరి ఇండ్లల్లో ఏం జరుగుతున్నదో ఒకరం చూద్దాం అని. నేపాల్‌ది కానీ, బంగ్లాదేశ్‌ది కానీ, శ్రీలంకది కానీ, తెలుగులోకి రావాలంటే ఈ మూడో అంతస్తు ఎక్కి రావాల్సిందే. మాటలు చెప్పేవాళ్ళు గాజు గదిలో కూర్చొని మాటలు చెప్పి పోతారు. చిక్కల్లా సప్పుళ్ళతోనే. ఆ దేశాల నుంచి వచ్చేటప్పుడు మాటా సప్పుడూ అన్నంలో పప్పు కలిసినట్టు కలిసి వస్తాయి. వాళ్ళ మాట తీసేస్తే మనిషి నడక పోతుంది, తలుపు కిర్రుమనడం పోతుంది, జారిపడ్డ గిన్నె కూడా నోరు మూసుకుంటుంది. ఆ పోయిన సప్పుళ్ళన్నీ మళ్ళీ పుట్టించేవాడు మొగిలి.

ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చునే వేణు కొత్తగా ఒక పెట్టె తెప్పించాడు. అరచేతిలో పట్టేటంత పెట్టె. అందులో నలభై వేల సప్పుళ్ళున్నాయట.

"అంకుల్, వాన కూడా ఉంది ఇందులో. నిజం వాన. మీరు రేకు మీద జొన్నలు పొయ్యాల్సిన పనే లేదు."

"ఎక్కడి వానరా అది?"

"వానకు ఊరేంది అంకుల్?"

"ఊరెట్లుండదు? బొమ్మల ఇల్లు చూడు. పెంకుటిల్లు. నీ వాన కారు అద్దం మీద పడ్తున్నది. ఇంట్ల మనుషులు తడుస్తలేరు, డ్రైవరు తడుస్తున్నడు."

క్రిస్టోఫర్ సారుకు ఇద్దరిలో ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. అందుకని మూడో మనిషిని వెతికాడు. "సీతాబాయీ, కండ్లు మూసుకొని రెండూ విను. ఏది వానో నువ్వు చెప్పు."

సీతాబాయి కండ్లు మూసుకుంది. వేణు మొదటిది వినిపించాడు.

"ఎవరో పల్లీలు వేంచుతున్నరు. మాడుతున్నయి గూడ. జర పొయ్యి తగ్గియ్యమనుండ్రి."

తర్వాత మొగిలి రెండు పాత బెంగుళూరు పెంకుల మీద గుప్పెడు గుప్పెడు జొన్నలు జారవిడిచాడు. మొదట అక్కడక్కడ, తర్వాత దబదబ.

"అయ్యో, మిద్దె మీద బట్టలారేసిన!" అని సీతాబాయి కండ్లు మూసుకునే వెనక్కి తిరిగి రెండడుగులు ఉరికింది. ఒక్క గ్లాసు కూడా కిందపడలేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. గది గదంతా నవ్వింది. వేణు కూడా నవ్వాడు. పెట్టెను మాత్రం పారెయ్యలేదు, మూత పెట్టి బల్ల మీదే ఉంచాడు.

సీతాబాయిది హఫీజ్‌పేట్. స్టూడియోలో ఊడ్చేది, చాయ్ పెట్టేది ఆమె. చదివింది రెండో తరగతి దాకానే. ఆ రెండింటిలోనూ తనే ఫస్టని ఎవరడిగినా చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది. ఆ స్టూడియోలో ఆమె నోటికి జంకని మనిషి మొగిలి ఒక్కడే.

అతనిది గోపన్‌పల్లి. ఇప్పుడు అక్కడ ఇరవై అంతస్తుల ఇండ్లు లేచినచోట అతని చిన్నప్పుడు జొన్న చేన్లు. మంచె ఎక్కి పిట్టలను కొట్టడం అతని పని. వడిసెల తిప్పడం చాతగాక గొంతుతో కొట్టేవాడు. డేగలా అరిస్తే చిలుకలన్నీ లేచిపోయేవి. పోనుపోను కౌజుపిట్ట, పోతుమేక, మామ దగ్గు, అన్నీ పట్టుబడ్డాయి. ఆ మామ దగ్గు తీసినందుకే అతని పెండ్లి రెండుసార్లు ఆగిందని అంటారు. చేన్లు పోయాక ఈ బిల్డింగుకే వాచ్‌మెన్‌గా వచ్చాడు. ఒకనాడు కింద పార్కింగులో పాత రేకు ఈడ్చుకుపోతుంటే పైన రికార్డింగులో ఉరుము వినబడిందట. క్రిస్టోఫర్ సారు తిట్టడానికి దిగివచ్చాడు. తిట్టడం మానేసి "ఇంకోసారి ఈడ్వు" అన్నాడు. అంతే, ఆ రోజుతో మొగిలి ఒంటి మీద నుంచి యూనిఫారం దిగింది. పదహారేండ్లయింది.

గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ వచ్చినప్పుడల్లా మొగిలి సంచితో తిప్పలే.

"తాతా, సంచిల ఏమున్నది?"

"ఒక గుర్రమున్నది. రెండు తలుపులు. జర్రంత నిప్పు."

తెరిచి చూస్తే కొబ్బరి చిప్పలు, తుప్పు పట్టిన తలుపు బందులు, నలిపితే చిటపటమనే ఎండుటాకులు. ఆ సెక్యూరిటీ పిల్లలు నవ్వాలో, సూపర్‌వైజర్‌కు ఫోను చెయ్యాలో తెలియక అట్లనే చూస్తుండిపోయేవాళ్ళు.

వాన కొట్లాట అయిన నెలకు లంక కథ వచ్చింది. కుసుమా అనే చేపలోళ్ళ ఇంటి కోడలి కథ. మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు. మొత్తం ఇరవై భాగాలు, ముందు ఎనిమిది పంపారు. క్రిస్టోఫర్ సారు మొగిలిని పక్కకు పిలిచాడు.

"మొగిలన్నా, ఈ ఎనిమిదీ వినడానికి నాలుగు వారాలల్ల లంక నుంచి మేడమ్ వస్తున్నది. ఆమె సరే అంటే మిగిలిన పన్నెండు గూడ నీ చేతనే. కాదంటే ఇగ వేణు పెట్టెతోనే కానిచ్చేద్దం. అప్పుడు నాకు గూడ చెప్పనీకి ఏం ఉండదు."

"మరి నేను?"

"కింద గేటు దగ్గర మనిషి కావాలంటున్నరు," అన్నాడు క్రిస్టోఫర్ సారు, చెప్పులు చూసుకుంటూ.

యాభై ఎనిమిదేండ్ల వయసులో మళ్ళీ ఈల మెడలో వేసుకోవడం. ఆ నాలుగు వారాలు అతను చాయ్ చల్లారాకే తాగాడు. సీతాబాయి చూస్తూనే ఉంది.

కుసుమా ఊరికే ఒకచోట కూర్చునే మనిషి కాదు. బావికి, అంగడికి, బడికి, బస్సుకు, భాగానికి వందడుగులు వేస్తుంది. మొగిలి ఒక నున్నటి బండ మీద ఒట్టి కాళ్ళతో ఆమె అడుగులు వేస్తుంటే సీతాబాయి చీపురు ఆపింది.

"మొగిలీ, ఈమెకు పెండ్లయిందా, లేదా?"

"అయింది గదక్కా. ఇద్దరు పిల్లలు."

"మొగడున్నడా?"

"దొడ్డుగున్నడు."

"మరి మెట్టెలేవి? పుణ్యస్త్రీని పట్టుకొని బోడికాళ్ళతోటి తిప్పుతున్నవేంది? నడుస్తుంటె టిక్కుమనాలె గద."

మొగిలి తెర దగ్గరికి పోయి చూశాడు. ఎనిమిది భాగాల్లో ఎక్కడా కుసుమా పాదాలు చూపించలేదు. మోకాళ్ళ దగ్గరికి వచ్చి బొమ్మ ఆగిపోయింది.

"మన లీదియమ్మకు గూడ పెండ్లయింది, ఆమె పెట్టుకోదు గదా?" అన్నాడు సందేహంగా. లీదియా రాజమండ్రి అమ్మాయి. మాటలు చెప్పే వాళ్ళను చూసుకునేది ఆమే.

"ఆమె బూట్లేసుకుంటది. బూట్లల్ల ఏమున్నదో నువ్వు చూసినవా? కుసుమా బూట్లేసుకున్నదా చెప్పు."

సీతాబాయి మర్నాడు ఇంటి నుంచి అరిగిపోయిన పాత మెట్టెల జత తెచ్చిచ్చింది. అవి అతని కాలి వేళ్ళకు ఎక్కలేదు. చేతివేళ్ళకు తొడుక్కున్నాడు, కాలుతో అడుగు, చేత్తో టిక్కు. అడుగు, టిక్కు. ఎనిమిది భాగాల్లో కుసుమా ఎక్కడ నడిస్తే అక్కడ, ఒక్క అడుగు వదలకుండా. సీతాబాయి విని తల ఊపింది. "ఇప్పుడు ఆడమనిషి లెక్కున్నది."

లంక మేడమ్ పేరు నిల్మిణి. సన్నగా, కండ్లజోడు పెట్టుకొని ఉంది. చాయ్ వద్దంటుందేమోననుకుంటే రెండు గ్లాసులు తాగింది. అక్కడే సీతాబాయికి నచ్చేసింది. లీదియా పక్కన కూర్చొని ఆమె ఇంగ్లీషును తెలుగులోకి మారుస్తోంది. గదిలో దీపాలు తగ్గించి మొదటి భాగం పెట్టారు. అలలు బాగున్నాయంది. వల లాగిన సప్పుడు మళ్ళీ వెయ్యమంది. కుసుమా పిల్లలను లేపి, సంచి తీసుకొని, బస్సు కోసం బయలుదేరింది. నిల్మిణి తల పక్కకు వంచింది. చెయ్యెత్తి ఆపమంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ ఆపింది.

లీదియా గొంతు సవరించుకుంది. "ఆ ఇంట్లో బల్లి ఉందా అని అడుగుతున్నారండీ."

"బల్లా?"

"వాళ్ళ ఊళ్ళో ఇల్లు దాటేటప్పుడు బల్లి పలికితే ప్రయాణం మానేసుకుంటారటండీ. ఈవిడకి అడుగుకోసారి పలుకుతోంది, అయినా బస్సెందుకెక్కింది అంటున్నారు. పైగా బస్సులోకి కూడా వెంట వచ్చిందంట బల్లి."

వేణు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. క్రిస్టోఫర్ సారు మొగిలి వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. మొగిలి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. నాకే అట్ల తోచింది."

సీతాబాయి పేరు ఎత్తలేదు. ఎత్తితే ఆమెకు కోపం వచ్చేది, ఎత్తనందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. తన మాట మీద జరిగిన పనిని ఇంకొకడు తన తప్పని చెప్పుకుంటాడా? మొగిలి తెలివికి ఇదొక్కటే తక్కువ.

"ఏం తోచింది నీకు? నీకేమన్న తోస్తదా?" అని ఆమె చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకొని నేరుగా ఆ బండ ఎక్కింది. "లీదియమ్మా, ఆమెకు చెప్పు. బల్లి కాదు, గిల్లి కాదు. ఇగో ఇదీ." కాలు వేసింది. టిక్. ఇంకో కాలు వేసింది. టిక్. "మా దగ్గర పెండ్లయినామె వస్తుంటె నాలుగిండ్ల అవతలికి తెలుస్తది. మీ దగ్గర సప్పుడు చెయ్యకుంట వస్తరా? దొంగల్లెక్క?"

చివరి మాట లీదియా తెలుగులోనే ఉంచేసింది.

నిల్మిణి కుర్చీ దిగి, నేల మీద గొంతుకూర్చొని సీతాబాయి కాలివేళ్ళు చూసింది. ఒకసారి నడవమంది, ఇంకోసారి నడవమంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, కండ్లజోడు తీసి తుడుచుకునేటంతగా. తమ దగ్గర ఉంగరాలు చేతివేళ్ళకేనంది. కుసుమా అత్త కనుక ఇది వింటే కోడలు కాళ్ళకు చిల్లర కట్టుకొని తిరుగుతోందనుకుంటుందంది.

ఆ నవ్వు చూసి వేణు పెట్టె మూత తీశాడు. "మేడమ్, ఇందులో నీట్‌గా ఒట్టి కాళ్ళ నడక ఉంది," అని కుసుమా బొమ్మకు అది తగిలించి వినిపించాడు. నిల్మిణి కాసేపు విని లీదియాతో ఏదో అంది.

"బాగానే ఉందట. కానీ ఈవిడ ఆస్పత్రిలో మందులివ్వడానికి పోతున్నట్టుందటండీ."

పెట్టె మూత పడింది. అయినా మొగిలి ఊపిరి పీల్చుకోలేదు. నిల్మిణి మిగతా సప్పుళ్ళు విన్నది. కొబ్బరి తురుముతున్నచోట ఆపి, తన అత్త ఇంత మెత్తగా తురమదని, ఎవరితోనో పగ ఉన్నట్టు తురుముతుందని చెప్పింది. మొగిలి అక్కడికక్కడే చిప్ప తీసి, గరిటె బోర్లించి, పగతో తురిమాడు. ఆమె బల్ల మీద చేత్తో కొట్టి, ఇదే కావాల్సిందంది. చివరికి తేల్చిన మాట ఇది: నాలుగు రోజుల్లో తన విమానం. ఆలోపల ఎనిమిది భాగాల్లో బల్లిని చంపగలిగితే పన్నెండు భాగాలూ ఇతనివే.

మొగిలి అరికాళ్ళకు కొబ్బరినూనె రాసుకొని నాలుగు రోజులు నడిచాడు. కుసుమా ఇంటి ముందు ఇసుక, ఇంట్లో ఎర్ర గచ్చు, బస్సులో రేకు. సీతాబాయి చీపురు పట్టుకొని ఒక మూల కూర్చొని విన్నది, నోరెత్తలేదు. అది ఆమెకు ఎంత కష్టమో మొగిలికే తెలుసు. నాలుగో రోజు మధ్యాహ్నం నిల్మిణి అన్నీ విని కాగితం మీద సంతకం పెట్టింది. క్రిస్టోఫర్ సారు గేటు మాట మళ్ళీ ఎత్తలేదు.

పోయే ముందు నిల్మిణి ఇంకో సంగతి చెప్పింది. ఇచ్చిపుచ్చుకోవడం కదా, ఇక్కడి కథ కూడా ఒకటి అక్కడికి పోతోంది. ఇంటింటికీ తిరిగి గాజులమ్మే లక్ష్మమ్మ అనే ఇల్లాలి కథ. సింహళంలోకి మార్చేటప్పుడు సప్పుళ్ళు చేసేది గుణపాల అనే పెద్దాయన. ఆయనకూ ఇట్లాంటి సంచే ఉందట. ఆ బొమ్మలో కూడా పాదాలు కనబడవు కాబట్టి ఆయన లక్ష్మమ్మ కాళ్ళకు ఏమున్నాయో చూడలేదట.

ఆమె కారెక్కి పోయాక మొగిలి మూడో అంతస్తుకు ఎక్కి వచ్చాడు. చాయ్ వేడిగా ఉండగానే తాగాడు. గ్లాసు పక్కన పెట్టి మైకును ఈడ్చి బండ ముందు నిలబెట్టాడు.

"అక్కా, ఇటు రా. గుణపాలకు మనం చెప్పకుంటె ఎవలు చెప్తరు? ఆయన లక్ష్మమ్మను బోడికాళ్ళతోటి ఊరంత తిప్పుతడు, మనోళ్ళ పరువు పోతది."

"నేనేం చెప్పాలె? నాకు ఆయన భాష వస్తదా?"

"మాటలు లీదియమ్మ మార్చి పంపుతది. నువ్వు బండెక్కు. నడుసుకుంట చెప్పు. నీళ్ళ బిందె ఎత్తుకుంటె ఎట్ల టిక్కుమంటది, అత్త ముంగట ఎట్ల, పండుగకు ఎట్ల, అన్నీ చెప్పు. కోపమొచ్చినప్పటి నడకతోటి మొదలువెట్టు. నీకది వెతుక్కునే పని లేదు."