కుడివైపు నుంచి వచ్చిన కూత

2023 వేసవి. బందరులో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఒక పాత కంప్యూటరు, హెడ్‌ఫోన్స్, కిటికీ పక్కన కుర్చీ. కిటికీలోంచి చూస్తే మా గేటు, గేటు ముందు ఇరుకు వీధి. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నా కాళ్ళు బలహీనపడ్డాయి, బడికి వెళ్ళలేదు. అమ్మ ఒళ్ళో బైబిలు పెట్టుకుని అక్షరాలు నేర్పింది, పలక మీద లెక్కలు నేర్పింది. వీడియో ఎడిటింగ్ తమ్ముడు నేర్పాడు. నాకు వచ్చిన ప్రతి పనీ ఎవరో ఒకరు ప్రేమతో ఇచ్చిందే. అందుకే కంప్యూటరు ఆన్ చేసే ముందు కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం కృతజ్ఞత చెప్పుకుంటాను.

మొదట్లో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాల వీడియోలు చేసేదాన్ని. తర్వాత వాలీబాల్ వచ్చింది. దివిసీమ ఊళ్ళలో వాలీబాల్ బాగా ఆడే కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళకి స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు రావాలంటే ఇప్పుడు కోచ్‌లు ముందు వీడియో పంపమంటున్నారు. అది నచ్చితే ట్రయల్స్‌కి పిలుస్తారు. ఒక కుర్రాడి ఆటలో మంచి ముక్కలన్నీ ఏరి రెండు మూడు నిమిషాల్లో చూపించేదాన్ని హైలైట్స్ రీల్ అంటారు. ఫోన్లో తీసింది ఉన్నదున్నట్టుగా నా దగ్గరికి వస్తుంది. దాన్ని రా ఫుటేజ్ అంటాం. కుర్రాడు మధ్యలో ఉండేలా రెండు పక్కలా కత్తిరిస్తాను. అది క్రాప్. జనం అరుపులన్నీ మ్యూట్ చేసి మ్యూజిక్ వేస్తాను. పని అంతే.

నాకు ఈ పని తెచ్చిపెట్టింది ఇద్దరు అభిమానులు. గుడివాడ ప్రసాదరావు గారు రిటైరైన బస్సు కండక్టరు. అందరూ ఆయన్ని మావయ్య అంటారు. శీనుకి బందరులో బైకులు బాగుచేసే షెడ్డుంది. మ్యాచ్ ఎక్కడున్నా ఇద్దరూ వెళ్ళాల్సిందే. శీను వీడియో తీస్తాడు, మావయ్య జాతకాలు చెబుతారు. ఏ కుర్రాడు ఏ కాలేజీకి వెళ్తాడు, ఎవడు యూనివర్సిటీ జట్టు దాకా ఎదుగుతాడు అన్నదే వాళ్ళకి పొద్దస్తమానం ముచ్చట.

ఆ వేసవిలో ఇద్దరూ సునీల్ అనే కుర్రాడి ఫుటేజ్ పట్టుకొచ్చారు. నాగాయలంక దగ్గర ఊరు. లిబెరో ఆడతాడు. వెనక వరుసలో ఉండి, కొట్టిన బంతి కింద పడకుండా లేపేవాణ్ణి లిబెరో అంటారు.

"ఈ ఏడాది సీటు మనవాడిదేనమ్మా. రాసిపెట్టుకో," అన్నారు మావయ్య.

"పోయినేడు కూడా ఒకణ్ణి రాసిపెట్టుకోమన్నారు. వాడిప్పుడు నా షెడ్డులో పంక్చర్లు వేస్తున్నాడు," అన్నాడు శీను.

"ప్రాక్టీసు మానేసి నీ పక్కన చేరితే నన్నేం చేయమంటావురా?"

"ఈడు మరీ పొట్టి మావయ్యా. కోచ్ గారు ఎత్తు చూస్తాడు."

"లిబెరోకి ఎత్తెందుకు? నెట్టు మీంచి తొంగిచూడాలా?" అని మావయ్య నా వైపు తిరిగారు. "వీడికి వీపు మీద కళ్ళున్నాయమ్మా. కుడిపక్కకి వచ్చే బంతి వైపు తల కూడా తిప్పడు. పడతాడు, లేపుతాడు, లేస్తాడు. ఇన్నేళ్ళలో నేను అలాంటి ఆట చూడలేదు. అదే ముందు పెట్టు."

శీను వెళ్తూ వెళ్తూ అసలు సంగతి చెప్పాడు. సునీల్ ఇంటరు పాసయ్యాడు. తండ్రి లేడు. ఈ సీటు రాకపోతే రొయ్యల చెరువు కాపలాకి పంపడానికి బంధువులు మాట్లాడేశారు. "ఒకసారి చెరువు గట్టెక్కితే ఇంక చదువూ లేదు, ఆటా లేదక్కా. ఈ ఆదివారంలోగా రీల్ పంపాలి."

మర్నాడు పనిలో కూర్చున్నాను. మ్యూజిక్ అతికించడానికి తెర కింద ఒక గీత కనిపిస్తుంది. శబ్దం ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో కొండల వరసలా చూపిస్తుంది. దాన్ని వేవ్‌ఫామ్ అంటారు. సునీల్ కుడిపక్కకి డైవ్ కొట్టిన ప్రతి ముక్కలోనూ, డైవ్‌కి కాస్త ముందు, ఆ గీత మీద సన్నటి ముల్లు ఒకటి కనిపించింది. మొదట పట్టించుకోలేదు. వేరే ఊరి మ్యాచ్‌లోనూ అదే ముల్లు, అదే చోట. అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

జనం గోల అడుగున ఒక శబ్దం ఉంది. మాట కాదు. నాలుకతో టక్కుమన్న ఒక చప్పుడు, దాని వెనకే సన్నగా సాగిన ఒక కూత. ఆడగొంతు. అవతలి జట్టువాడు బంతిని ఇంకా కొట్టలేదు. కూత వస్తుంది, సునీల్ కుడికాలు కదులుతుంది, ఆ తర్వాత బంతి అక్కడికి వస్తుంది.

అవనిగడ్డ మ్యాచ్ విన్నాను. ఉంది. కోడూరు, చల్లపల్లి, ఘంటసాల. ఉంది. గ్రౌండు మారింది, జనం మారారు, ఆ గొంతు మాత్రం ప్రతిచోటా ఒకే దూరంలో ఉంది. శీనుకి ఫోన్ చేశాను.

"శీనూ, కోర్టు దగ్గర ఆడవాళ్ళెవరైనా ఉంటారా?"

"వాలీబాల్ కోర్టు దగ్గర ఆడవాళ్ళా? మా బూతులు విని ఎవరొస్తారక్కా?"

"ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా లేరు. ఎందుకు?"

"ఊరికే అడిగాను," అని పెట్టేశాను.

మాది దయ్యాల కబుర్లు చెప్పుకునే ఇల్లు కాదు. అయినా ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. ఫుటేజ్‌ని తేదీల వరసలో పేర్చి చూశాను. పోయిన వానాకాలానికి ముందు మ్యాచ్‌లలో ఆ కూత ఎక్కడా లేదు. ఆ మ్యాచ్‌లలో సునీల్ అందరిలాగే బంతి ఎటొస్తే అటు తల తిప్పి ఆడుతున్నాడు. వానలు వెళ్ళాక మళ్ళీ మొదలైన మ్యాచ్‌లలో తల కుడివైపుకి తిరగడం లేదు. కూత వస్తోంది. ఎవరో ఆ పిల్లాడి కుడిపక్కను తమ చేతిలోకి తీసుకున్నట్టు అనిపించింది. ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకుంటే చెవుల్లో అదే వినిపిస్తోంది.

అలా కూర్చుని ఉండగా కరెంటు పోయింది. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో అలికిడి లేదు.

అప్పుడు వినిపించింది. టక్కుమని చప్పుడు, సన్నటి కూత.

కంప్యూటరు ఆగిపోయి ఉంది. హెడ్‌ఫోన్స్ నా ముందే ఉన్నాయి. కుర్చీ పట్టుకుని కిటికీలోంచి చూశాను. మా గేటుకి ఎదురుగా వీధి దాటబోతున్న కుర్రాడు ఒక కాలు ముందుకు వేసి బొమ్మలా ఆగిపోయాడు. అతని కుడివైపు నుంచి చప్పుడు లేని బ్యాటరీ ఆటో ఒకటి వచ్చి, చొక్కా అంచు తాకుతూ వెళ్ళిపోయింది. అతను దాని వైపు చూడనైనా లేదు. వెనక చంకలో బుట్ట పెట్టుకుని ఒక ఆవిడ నిలబడి ఉంది.

అది సునీల్. ఆవిడ వాళ్ళమ్మ రూతమ్మ. కోచ్‌కి పంపడానికి ఫొటో కావాలని శీను పంపాడట. లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇచ్చాను. ఆవిడ బుట్టలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గుప్పెడు తీసి నా బల్ల మీద పెట్టింది.

"మ్యాచ్‌ల దగ్గర అమ్ముతానమ్మా," అంది.

కరెంటు వచ్చింది. క్రాప్ చేయని అసలు ఫుటేజ్ తెరిచాను. ఫ్రేము కుడి అంచున, నేను ప్రతిసారీ కత్తిరించి పారేసిన చోట, బుట్ట ముందు పెట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది. జట్లు పక్కలు మారినప్పుడు బుట్ట ఎత్తుకుని ఆవిడా మారుతోంది. ఎప్పుడూ సునీల్ కుడిపక్కకే. శీను అబద్ధం చెప్పలేదు. కాయలమ్మే మనిషిని అక్కడ ఎవరూ ఆడవాళ్ళలో లెక్కేసుకోలేదు.

శబ్దం పెంచాను. కూత వినపడగానే రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాతుల కూతమ్మా అది," అంది. "వీళ్ళ నాన్న ఉన్నప్పుడు కోతలైన చేలల్లో బాతుల్ని మేపేవాళ్ళం. మందని మళ్ళించడానికి అలా కూసేదాన్ని. వీడు చిన్నప్పుడు బాతుల్తో పాటే మళ్ళేవాడు. ఇప్పుడు కొట్టేవాడి భుజం చూసి, బంతి కుడిపక్కకి వస్తుందనిపిస్తే కూస్తాను."

ఆటో వైపు అతను ఎందుకు చూడలేదో అప్పుడు అర్థమైంది. "కుడికన్ను ఎప్పట్నుంచి కనపడట్లేదు?" అని సునీల్ని అడిగాను.

"పోయిన వానాకాలానికి ముందు మొహం మీద బంతి తగిలిందండీ. కుడికంట్లో పక్కనుంచి నీడలాగా మొదలైంది."

"డాక్టరుకి చూపించారా?"

"చూపిస్తే ఆడొద్దంటారు కదమ్మా," అంది రూతమ్మ.

"ఇప్పుడు నీడ ఎందాకా వచ్చింది?"

సునీల్ ఎడమకన్ను మూసుకుని, అరచెయ్యి కుడి చెవి దగ్గర పెట్టి మెల్లగా ముందుకు జరిపాడు. చెయ్యి ముక్కుకి దగ్గరగా వచ్చి ఆగింది. "ఇక్కడిదాకా."

"పోయిన నెల?"

చెయ్యి కాస్త వెనక్కి జరిపాడు. ఆ చెయ్యి కదలడం చూస్తే కూత విన్నప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

రూతమ్మ నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "ఆ చప్పుడొక్కటి తీసేసి పంపండమ్మా. దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు. వీణ్ణి చెరువు గట్టు మీద చూడలేను."

నాకు అది ఎంతో తేలిక. నేను కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు. ఎప్పుడూ చేసే పనే. మ్యూట్, క్రాప్, మ్యూజిక్.

"ట్రయల్స్ ఇండోర్ స్టేడియంలో పెడతారమ్మా. లోపలికి ఆటగాళ్ళని తప్ప ఎవర్నీ రానివ్వరు," అన్నాను.

"గోడ బయట్నుంచి కూస్తే?"

"వినపడదమ్మా," అన్నాడు సునీల్.

తెర మీద వీడియో నడుస్తూనే ఉంది. నా పక్కన కూర్చున్న సునీల్ ముందుకు వంగి, తల పూర్తిగా తిప్పి, తెర కుడి అంచునున్న వాళ్ళమ్మని చూస్తున్నాడు. ఆవిడ ఆటలో ఒక్కసారి కూడా నవ్వలేదు. పక్కన జనం చప్పట్లు కొడుతున్నారు, మావయ్య ఈల వేస్తున్నారు, ఆవిడ మాత్రం వరదలో కొట్టుకుపోతున్నవాణ్ణి చూస్తున్నట్టు కొడుకుని చూస్తోంది.

"అమ్మ అక్కడ కూచుంటుందని తెలుసక్కా," అన్నాడు. అండీ పోయి అక్కా వచ్చింది. "ఎప్పుడూ చూళ్ళేదు. నాకు అటువైపు కనపడదు కదా."

ఆ ముక్క మళ్ళీ వేయమన్నాడు. వేశాను. అయ్యాక లేచి నిలబడ్డాడు.

"పంపొద్దక్కా."

రూతమ్మ గోడకి ఆనుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది. అది దుఃఖమో, ఏదో బరువు దిగిందో నాకు తెలియదు. ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. ఏ మాటలు వచ్చాయో గుర్తు లేదు.

మావయ్యకి ఫోన్లో చెప్పాను. "వీపు మీద కళ్ళున్నాయని ముందు అన్నది నేనేనమ్మా," అన్నారు. "వాడు పడిన ప్రతిసారీ ఈల వేశాను." మర్నాడు ఆయనా శీనూ కలిసి సునీల్ని బస్సులో విజయవాడ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కంటి వెనక ఉండే రెటీనా అనే పొర పక్కనుంచి ఊడిపోతూ వస్తోందన్నారు డాక్టరు. ఇంకో దెబ్బ తగిలితే చెప్పలేమన్నారు. ఆపరేషన్ జరిగింది. పోయిన చూపు పెద్దగా తిరిగి రాలేదు, నీడ మాత్రం ఉన్నచోటే ఆగింది. బంతాట వద్దన్నారు. కోటా సీటు ఇంకెవరికో వచ్చింది. సునీల్ అవనిగడ్డలో మామూలు సీటులో డిగ్రీలో చేరాడు. చెరువు గట్టు ఎక్కలేదు. అందుకు నేను ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. సెలవుల్లో శీనుతో వెళ్ళి మ్యాచ్‌లు వీడియో తీస్తున్నాడు. అతను తీసినవాటిలో కోర్టు మొత్తం పడుతుంది, కుడిపక్క కాస్త ఎక్కువే పడుతుంది.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. కత్తిరించే ముందు ఫ్రేము నాలుగు అంచులూ చూస్తాను. మ్యూట్ చేసే ముందు మొదటినుంచి చివరిదాకా ఒకసారి వింటాను. మనం మెచ్చుకునే ఆట ఎక్కణ్ణుంచి వస్తోందో చాలాసార్లు మనం తీసి పారేసినదాంట్లోనే ఉంటుందని ఆ పిల్లాడి దగ్గర నేర్చుకున్నాను.

ఈమధ్య సునీల్ ఇంకో కుర్రాడి ఫుటేజ్ పంపాడు. కొత్త లిబెరో, రెండు కళ్ళూ బాగున్నవాడు. వింటూ ఉంటే జనం గోల అడుగున టక్కుమన్న చప్పుడు, సన్నటి కూత. రూతమ్మకి ఫోన్ చేశాను.

"ఇంకా కూస్తున్నావా రూతమ్మా?"

"నోరు ఊరుకోదమ్మా. కుడిపక్కకి బంతి వస్తోందని తెలిశాక ఎలా ఆగను?"

"ఆ పిల్లాడికి చెప్పావా?"

"లేదమ్మా. ఆ అబ్బాయికి నేనెవరో కూడా తెలీదు."

ఫోన్ పెట్టేసి ఆ ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. కూత వినిపించింది. అవతలివాడు బంతిని ఇంకా కొట్టలేదు. ఆ కుర్రాడి కుడికాలు కదిలింది.