మైక్రోస్కోపుకు వెలుగు పట్టిన రోజు

మార్కాపురం ఆస్పత్రిలో మైక్రోస్కోపు ముట్టుకున్న మొదటి రోజే క్షయ పురుగును పట్టేసినవాణ్ణి నేను. కర్నూలులో కూడా ఇంత చూపున్నవాడు లేడని డాక్టరమ్మ నా భుజం తట్టింది. మనవలకు ఇప్పటికీ ఇట్లాగే చెబుతుంటాను. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఒప్పుకోవడం లేదు. మొదటి రోజు ఆ గొట్టంలో నేను చూసింది నా కనురెప్పల వెంట్రుకలను. అవే పురుగులనుకుని కేక కూడా పెట్టాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. మా ఊరింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. ఆస్పత్రికి కరెంటు లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ నన్ను సహాయానికి పెట్టుకుని ఆ పని నేర్పుతున్నది.

ఒక ఉదయం పలకల గనిలో రాయి చీల్చే మనిషి భార్యతో వచ్చాడు. తగ్గని దగ్గు. గనిలో దగ్గేవాళ్లు మాకు కొత్త కాదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మందు లేదు. క్షయ అయితే అప్పటికే ఇంజెక్షన్లు వచ్చాయి. అది అతనికీ తెలుసు. అతని కళ్లెను స్లైడు మీద పూసి, రంగు వేసి ఆరబెడుతుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పురుగు కనపడితే చెప్పు తమ్ముడా. మా అన్న దుమ్ముతోనే పోయినాడు. నాకు పురుగే ఉండాలని మొక్కుకున్నా."

"ఊరుకో. రోగం రావాలని ఎవరన్నా మొక్కుతారా?" అన్నది భార్య.

"సూదిమందుండే రోగమే అడిగినా గదా!"

డాక్టరమ్మ చెప్పిన వరస నాకు కంఠతా వచ్చు. బల్లను ఉత్తరం కిటికీకి చేర్చాలి. ఎండ సూటిగా మైక్రోస్కోపు కింద ఉండే అద్దం మీద పడితే కన్ను పోతుంది, ఆకాశపు వెలుగు చాలు. గొట్టంలో కనిపించే గుండ్రమంతా ఒకే తెలుపయ్యేదాకా కింది అద్దాన్ని తిప్పాలి. స్లైడు మీద నూనెచుక్క వేసి, పక్కనుంచి చూస్తూ లెన్సును నూనెకు తగిలేదాకా దించాలి. ఆ తర్వాతే గొట్టంలో కన్ను పెట్టి, మెల్లగా పైకి ఎత్తుకుంటూ పోవాలి. చూస్తూ దించితే స్లైడు పగులుతుంది.

అన్నీ చేశాను. అయితే అంతకుముందు లెన్సు మీద దుమ్ము కనిపిస్తే, మా ఊరివాడు ఏం చేస్తాడో అదే చేశాను. ఉమ్మితో తడిపి బొటనవేలితో రుద్దాను. పలక తుడుస్తూ పెరిగిన చెయ్యి మరి. గుండ్రంలో బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు.

"ఏమీ లేదమ్మా," అన్నాను.

గుమ్మంలో మనిషి ఆ మాట విని కింద కూలబడ్డాడు.

డాక్టరమ్మ ఒకసారి చూసి, లెన్సు విప్పి వెలుగుకు పెట్టింది. "దేంతో తుడిచావు?"

"వేలితో."

"ఉమ్మేశావా?"

బొటనవేలిని పంచెకు తుడుచుకున్నాను.

"పలకనుకున్నావటయ్యా! నీ ఉమ్మిని చూసి ఆయనకు రోగం లేదన్నావు."

మెత్తటి గుడ్డకు లెన్సు తుడిచే మందు అంటించి, ఒత్తకుండా తుడిచి ఇచ్చింది. మళ్లీ మొదటినుంచి. ఇంతలో మబ్బు కమ్మితే ఆగి, అది పోయాక అద్దాన్ని సరిచేశాను. లెన్సును వెంట్రుకవాసి చొప్పున ఎత్తాను. ముందు నీలం పరుచుకుంది. అందులో సన్నటి ఎర్రపుల్లలు, కొంచెం వంగి, రెండు మూడు ఒక్కచోట.

పరుగెత్తి పురుగు దొరికిందని అతనికి చెప్పింది నేనేనని రాద్దామనుకున్నాను. కాదు. డాక్టరమ్మ తన కంటితో చూసుకుని తనే వెళ్లింది. నేను మళ్లీ గొట్టానికి కన్ను ఆనించాను. తీస్తే అవి మాయమవుతాయేమోనని భయం.

"పురుగు ఉంది. సూదులు మొదలుపెడదాం," అన్న మాట వినిపించాక లేచి వచ్చాను. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. భార్య నవ్వుతూ, చంకలోని చంటిపిల్లను అతనికి అందించబోయింది.

"వద్దమ్మా," అన్నది డాక్టరమ్మ. "అది అంటుకునే రోగం. నేను చెప్పేదాకా పిల్లను ఆయనకివ్వకు. పడక కూడా వేరే."

అతను చాచిన చేతులు అట్లాగే ఆగాయి. అతను లేచి వరండా ఆ చివరకు పోయి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల అటే వంగి ఏడుపు అందుకుంది.

"ఆడనుంచే పిలువు, ఊరుకుంటది," అన్నది భార్య.

తుండు తీయకుండానే పిలిచాడు. వెంట పోయి పక్కన నిలబడ్డ నాకే సరిగా వినపడలేదు.