సున్నం బొట్టు పడని మెట్టు

మా వీధి చివర భజన మండలి వాళ్లు ఈ మధ్య కొత్త హార్మోనియం తెచ్చారు. దాని మెట్ల పలక మొత్తం కదులుతుంది. పాడేవాడి గొంతు మారితే, వాయించే కుర్రాడు పలకను కొంచెం ఎత్తి పక్కకు జరుపుతాడు. టక్‌మని చప్పుడవుతుంది. శ్రుతి మారిపోతుంది, వేళ్లు మాత్రం అలవాటైన చోటే ఆడతాయి. శనివారం సాయంత్రాలు నా గదిలోకి పాట కంటే ముందు ఆ చప్పుడే వస్తుంది. అది వినగానే తాంబూలంలో సున్నం ఎక్కువైనట్టు నాలుక చుర్రుమంటుంది. రాఘవయ్య పంతులు గుర్తుకొస్తాడు.

ఆయనది కోదాడ. నేనెరిగేనాటికి సూర్యాపేటలో ధాన్యం కొట్ల వెనక కిరాయి ఇంట్లో ఉండేవాడు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే వీరేశం గారికి ఒక నాటక సమాజం ఉండేది. పంతులు దానికి హార్మోనిస్టు. కృష్ణుడి వేషం కట్టే నరసింహం ఎత్తుకున్నాడంటే ఐదున్నర శ్రుతే. ఆ ఎత్తున, అంత సేపు, మైకు లేకుండా పాడేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. జనం ఆయన కోసమే వచ్చేవారు. పంతులు ఎడమ చేయి అప్పటికే వణకడం మొదలైంది. గాలితిత్తి వేసేటప్పుడు ఆ వణుకు స్వరంలో తెలిసేది. అందుకని వీరేశం గారు ఆయన చేతి కింద ఒకణ్ని తయారు చేయమన్నారు. ఆ ఒకణ్ని నేను. అప్పటికి చదువు ఆగిపోయింది. నాన్న ధాన్యం కొట్లో గుమాస్తా. ఈ విద్య పట్టుబడితే సమాజంతో ఊళ్లు తిరుగుతాను, లేకపోతే అదే కొట్లో నాన్న పక్కన చాప మీద కూర్చుంటాను. నా ముందు వేరే దారి లేదు.

పంతులు సాధన చేయించే పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. పొద్దున్నే తాంబూలం చుట్టుకుంటూ, వేలికి మిగిలిన సున్నాన్ని హార్మోనియం మీద ఒక మెట్టుకు అద్దేవాడు. ఆ రోజుకు అదే షడ్జం. పచ్చబడిన తెల్ల మెట్ల మీద ఆ బొట్టు సరిగా కనిపించేది కాదు, నల్ల మెట్టు మీద మాత్రం చుక్కలా మెరిసేది. అక్కణ్నుంచి సరళి వరసలు, జంట వరసలు, ఆ పైన ఒక పద్యం. ఒక శ్రుతి చేతికెక్కేదాకా రోజూ అదే బొట్టు. కొత్త శ్రుతికి వెళ్లినా పాతవన్నీ ఒకసారి తిరగేసి రావాలి. కొన్నాళ్లయ్యాక మెట్ల మీద కండువా కప్పి, దాని కింద చేతులు పెట్టి వాయించమనేవాడు. చూసి వాయించేవాడు నటుడి ముఖం చూడలేడట.

"ఒక శ్రుతి వచ్చినోడు ఇంట్లో వాయించుకోవాలి. అన్నీ వచ్చినోడే తెర పక్కన కూర్చోవాలి. వేషగాడి గొంతు పట్టేస్తే అరమెట్టు కిందికి దిగాలి, జనానికి తెలియకూడదు. అర్థమైందా?" అనేవాడు.

ఆ మాటల్లో అబద్ధం ఏమీ లేదు. అంత చక్కటి పద్ధతి, అంత ఓపిక. వేళ్లు తప్పితే కసిరేవాడు కాడు, మళ్లీ బొట్టు దగ్గరికి వెళ్లమనేవాడు. అన్నింటికీ బొట్టు పడింది. ఐదున్నరకు మాత్రం పడలేదు.

ఒకసారి అడిగాను. "దానికి తొందరేమిట్రా. మిగతావి కుదిరితే అది దానంతటదే వస్తది" అన్నాడు. నమ్మాను. నాకు సొంత హార్మోనియం లేదు. పంతులు పెట్టె తాళంచెవి ఆయన మొలతాటికే ఉండేది. బొట్టు లేని మెట్టును షడ్జంగా ఎత్తుకోకూడదన్నది ఆయన నియమం. ఒక పొద్దున ఆయన పెరట్లోకి వెళ్లినప్పుడు ఉండబట్టలేక ఐదున్నర మీద వేలు పెట్టాను. మూడు స్వరాలు పలికాయో లేదో, వెనకనుంచి వచ్చి తిత్తి మూసి పట్టుకున్నాడు. స్వరం గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. వంటింట్లోంచి ఆయన భార్య మాణిక్యమ్మ గారు నవ్వింది. "నీకు అదొక్కటీ చెబితే ఇగ ఈయనకేం మిగులుద్ది నాయనా" అంది. హాస్యమనుకుని నేనూ నవ్వాను. పంతులు నవ్వలేదు.

పోలీసు చర్య జరిగిపోయింది గాని పల్లెల్లో పోరాటం ఆగలేదు. చీకటి పడితే నలుగురు ఒకచోట చేరకూడదు. అందుకే ఆ రోజుల్లో మా నాటకాలు పగలే ఆడేవారు. ఒక మధ్యాహ్నం మిర్యాలగూడలో, వడ్లు ఎండబోసే మిల్లు కళ్లంలో నాటకం. దానికి ముందు పొద్దున, వీరేశం గారు నా వాయింపు చూస్తానన్నారు. బస్సును దారిలో మిలిటరీ వాళ్లు ఆపి హార్మోనియం పెట్టె విప్పించారు. తుపాకులేమైనా దాచామేమోనని తిత్తిలోకి కూడా చూశారు. పంతులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పెట్టె మళ్లీ సర్దుతుంటే, "భయపడకు, బాగా వాయిస్తవు" అని భుజం తట్టాడు. ఆ చేయి బరువు ఇప్పటికీ నాకు అంతు చిక్కదు.

వీరేశం గారు బస్తాల మీద కూర్చున్నారు. ముందు చిన్న వేషాలవాళ్లు ఒక్కొక్కరు పాడారు. ఎవరి శ్రుతికి వారికి వాయించాను, మెట్లకు కండువా కప్పి మరీ వాయించాను. "పిల్లగాడు సురుకు" అన్నారు వీరేశం గారు. అప్పుడు నరసింహం గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

షడ్జం దొరికింది. దాని తర్వాత దారి లేదు. ఎక్కడ నల్లదో, ఎక్కడ తెల్లదో వేళ్లు తడుముకుంటున్నాయి. ఆయన రాగం తీస్తూ పైకి వెళ్లిపోయాడు, నేను కింద పంచమం కోసం వెతుకుతున్నాను. రెండో పాదంలో ఆయన ఆపేశాడు. కోపంగా కాదు, వింతగా చూశాడు.

"పంతులూ, పిల్లగానికి నా శ్రుతి చెప్పలేదా ఏంది?"

అందరూ పంతులు వైపు తిరిగారు. ఆయన తమలపాకు ఈనె తీస్తున్నాడు, తల ఎత్తలేదు.

"అన్నీ చెప్పిన. వాని చేతికి ఎక్కలే."

అంత పెద్ద మనిషి అబద్ధమాడుతున్నాడని ఎవరితో అనాలి? నేను లేచాను, ఆయన కూర్చున్నాడు. నరసింహం మళ్లీ ఎత్తుకున్నాడు. పంతులు కుడి చేయి ఐదున్నర మీద, సొంత ఇంట్లో చీకట్లో తిరిగే మనిషిలా తిరిగింది. ఎడమ చేయి వణుకుతూనే ఉంది, కాని ఆ రోజు దాన్ని ఎవరూ వినలేదు. "ఇంకొన్నేండ్లు నువ్వే నడుపు పంతులూ" అన్నారు వీరేశం గారు. ఎండిన వడ్లను కాళ్లతో తిరగేస్తున్న ఆడవాళ్లు ఆగి, ఆ పద్యం అయిపోయేదాకా విన్నారు. నేనూ విన్నాను. బాగుంది. అదే నాకు ఎక్కువ బాధ.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ కాళ్లు అటే నడిచాయి. తలుపు తీసి ఉంది. హార్మోనియం చాప మీద ఉంది. ఐదున్నర మెట్టు మీద సున్నం బొట్టు ఇంకా తడిగా, నల్ల చెక్క మీద తెల్లగా మెరుస్తోంది. ఇక నేను ఎంత నేర్చినా ఆయనకు పోయేదేమీ లేదు.

"కూసో," అన్నాడు పంతులు. వేలి సున్నం కండువాకు తుడుచుకుంటూ, "నాకింకో పని రాదురా" అన్నాడు.

నేను కూర్చోలేదు. ఆ వారమే నాన్న పక్కన చాప మీద కూర్చున్నాను. తర్వాత హైదరాబాదు, పత్రికాఫీసు, తెల్లవార్లూ వార్తలు దిద్దడం. అక్కడ నాకొక పేరు వచ్చింది. ఎంత పెద్ద కార్యాలయం నుంచి, ఎంత పొందికైన ప్రకటన వచ్చినా, అందులో ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకుంటానని. ఏ ఊరి పేరు రాయలేదు, ఏ మనిషి మాట వేయలేదు అని అడిగేవాణ్ని. ఇదెక్కడ నేర్చుకున్నారని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే, సూర్యాపేటలో ఒక పంతులు దగ్గర అనేవాణ్ని. గొప్ప గురువై ఉంటారు అనేవాళ్లు. అవుననేవాణ్ని.

పంతులు పోయిన కబురు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. ఆ రాత్రి బల్ల అంచు మీద కుడి చేయి తనంతట తాను సరళి వరసలు వేసింది, ఒక్కొక్క శ్రుతిలో, ఆయన చెప్పిన క్రమంలోనే. ఒక చోట దాటి వెళ్లింది.

నాకు కాస్త వాయించడం వచ్చునని తెలిసి భజన మండలి వాళ్లు అప్పుడప్పుడు పిలుస్తారు. వెళతాను. పాడేవాళ్లది ఏ శ్రుతని ముందే అడుగుతాను. పలక జరపను, నాకు ఆ అవసరం లేదు. కళ్లు మూసుకుని వాయిస్తాను, పెద్దాయన భలే అంటారు. ఎవరైనా ఐదున్నర అంటే లేచి కుర్రాడికి చోటిస్తాను. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపు వెనక టక్‌మంటుంది.