గంటలో తిరుపతి

మా మేనత్త తిరుపతిలో పోయిందని తెల్లవారుతుండగా ఫోనొచ్చింది. తల్లి లేని అక్కనూ నన్నూ తణుకులో తన దగ్గరే ఉంచుకుని పెంచిన మనిషి. టీచరుగా రిటైరయ్యాక కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. చీకటి పడేలోపు తీసుకెళ్లిపోతారని, ఎలాగైనా వచ్చేయమని ఆ కూతురు, మా వదిన, ఏడుస్తూ చెప్పింది.

వెంటనే కారు మాట్లాడదామన్నాను. నిడదవోలులో ఉండే మా బావగారు, అక్క భర్త, ఒప్పుకోలేదు.

"కారేంటమ్మా, రోజంతా రోడ్డు మీదే! రాజమండ్రిలో ఫ్లైటెక్కితే గంటలో తిరుపతి," అన్నారు. ఫోన్‌లో మ్యాపు మీద రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీసి, ఎంత దగ్గరో చూడమని పంపించారు కూడా. అక్క ఆయన మాట దాటదు. సరేనన్నాను. మా పెదనాన్న కొడుకు, అన్నయ్య, మాత్రం కారులో బయల్దేరాడు.

మధురపూడి విమానాశ్రయం చేరేసరికి ఎండెక్కింది. విమానం ఆలస్యమన్నారు. కాసేపాగి ఇంకా ఆలస్యమన్నారు. అక్క ఓ మూల కుర్చీలో పమిట నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. బావగారు ఉల్లి సమోసాలు తిని, వేళ్లకంటిన నూనె కుర్చీ చేతి కింద తుడిచారు. ఆపైన ఫోన్ పైకెత్తి, "ఇద్దరూ ఇటు చూడండమ్మా," అన్నారు.

నేను మొహం తిప్పుకున్నాను. అక్క కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ, ఫోన్ వైపు చూసింది. ఆ ఫొటో ఆయన వెంటనే స్టేటస్‌లో పెట్టేశారు.

విమానమెక్కేసరికి సాయంత్రమైంది. ఆయన బూట్లు విప్పి కాళ్లు ముందుకు చాపారు. మేజోళ్ల కంపు. ముక్కుకు చెంగు కప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగగానే వాచీ చూసుకుని, "చూశావా, గంటే!" అని నవ్వారు. అప్పుడే నా ఫోన్‌కు అన్నయ్య మెసేజ్ వచ్చింది: "మీకోసం చాలాసేపు చూశామే. తీసుకెళ్లిపోయాం."

మేం వెళ్లేటప్పటికి వాకిలి కడిగేసి ఉంది. వదిన మమ్మల్ని చూసి, "మీ అన్నయ్య అందుకున్నాడే... మీరే..." అని ఆగిపోయింది. అక్క ఆమె పక్కన కూలబడింది. వరండాలో బావగారి గొంతు వినిపిస్తూనే ఉంది.

"మన తప్పేం లేదండి. గాల్లో గంటేనండి. ఆ లేటు చేసింది వాళ్లు."

తర్వాత లోపలికి తల పెట్టి, "ఫ్లైట్‌లో ఏమీ పెట్టలేదమ్మా. కాఫీ ఏమన్నా దొరుకుద్దా?" అని అడిగారు.

పొయ్యి వెలిగించని ఇల్లు. పక్కింట్లో అడుగుదామని అక్క లేవబోయింది. నేను తన మణికట్టు పట్టుకున్నాను.

"కూర్చోవే."

"ఆయనకి తలనొప్పొస్తుందే..."

"రానీ."

అక్క కూర్చుంది. బావగారు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, బూట్లేసుకుని హోటల్ వెతుక్కుంటూ వీధిలోకి వెళ్లారు.

మర్నాడు నేను అన్నయ్య కారులో తిరిగొస్తానన్నాను. బావగారు తనకూ అక్కకూ అప్పటికే విమానం టికెట్లు తీసేశారు. అక్క ఆయనకేం చెప్పిందో నాకు తెలీదు, సంచి పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. కారు ఊరు దాటగానే, అత్తను తలుచుకుని, పమిట అడ్డం పెట్టుకోకుండా గట్టిగా ఏడ్చింది.