వంతెన మీద మూడోవాడు

మనవడు టీవీలో యుద్ధం సినిమా పెట్టాడు. ఫిరంగి మోతకు టీపాయ్ మీద స్టీలు గ్లాసు సన్నగా మోగింది. ఆ మోత వింటే నాకు ఏ హీరో గుర్తురాడు. మా బట్టల కొట్టు ఎదురింట్లో ఉండే సుగుణమ్మ టీచర్ గారు గుర్తొస్తారు.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన రెండేళ్లకు తిరువూరు టూరింగ్ టాకీసుకు ఓ హిందీ యుద్ధం సినిమా వచ్చింది. గంపలగూడెం నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చారు. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా హీరో జేబులోంచి తల్లి ఫొటో తీయగానే ఈల వేశాను. ఆడవాళ్ల వైపు, మట్టి అడ్డుగోడకు అవతల, టీచర్ గారు కూర్చున్నారు. ఆమె తమ్ముడు ఆ యుద్ధంలోనే పోయాడు. ఎలా పోయాడో తెలియదు. ఇంటికి చేరింది రెండు లైన్ల టెలిగ్రాం.

హీరో వంతెన దాటాడు. డేరా అంతా ఎగిరి గంతేసింది. రీలు మార్చడానికి లైట్లు వేశారు.

“ఆ మూడోవాడు ఏమయ్యాడు అబ్బాయ్?” అని అడ్డుగోడ మీంచి అడిగారు టీచర్ గారు.

“ఏ మూడోవాడండీ?”

“హీరో వెనకాల వచ్చాడే, మెడలో తువ్వాలు కట్టుకుని. పడిపోయాడు. ఒక్కళ్లూ చూళ్లేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. కొట్లో రోజూ నేను చేసేదే ఇది. అమ్మదలచిన చీరను విప్పి వెలుగులో పరుస్తాం. మడతల్లో ఉన్నవాటి వంక ఎవరూ చూడరు. సినిమావాళ్లు హీరోని విప్పి పరిచారు. చీరలమ్మే నేనే బుట్టలో పడ్డాను!

“ఆ ముక్క మళ్లీ వేయించవూ? పెద్ద బేరగాడివిగా!” అన్నారు టీచర్ గారు.

మేనేజరు దగ్గరకు పరిగెత్తాను.

“మతిపోయిందా? జనం తంతారు,” అన్నాడతను.

“మీ తెర చిరిగిందిగా. నాలుగు గజాల తెల్లగుడ్డ ఇస్తా.”

“పది.”

“ఆరు చేసుకోండి.”

“పది. లేదా పోయి కూర్చో.”

పదికే ఒప్పుకున్నాను. మా నాన్న చూసి ఉంటే కొట్లోంచి వెళ్లగొట్టేవాడు.

బెంచీ ఎక్కి అరిచాను. “మూడోవాణ్ణి చూడండర్రా! మెడలో తువ్వాలు!”

మళ్లీ అదే వంతెన. ఈసారి హీరోని పట్టించుకున్నవాడు లేడు. మూడోవాడు తూలాడు, లేచాడు. “వంగోరా నాయనా!” అని ఓ ముసలాయన కేక. “పరిగెత్తు, పరిగెత్తు!” అంటూ ఆడవాళ్లంతా లేచారు. పది నిమిషాల కిందటే చచ్చినవాడు ఈసారి బతుకుతాడని మేమంతా నమ్మాం. “తువ్వాలోడా, ఇటు రా!” అని నేనూ గొంతు చించుకున్నాను.

వాడు పడిపోయాడు. హీరో గట్టెక్కినా ఎవరూ ఈల వేయలేదు.

టీచర్ గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. “ఎంతమంది పిలిచారో చూశావా వాణ్ణి!” అన్నారు.

ఇప్పటికీ ఏ యుద్ధం సినిమాకు వెళ్లినా వెనక వరుసలో ఒకణ్ణి ఏరుకుంటాను. వాడు దాటేదాకా కుదురుగా కూర్చోలేను. “ఊరుకోండి, పరువు పోతోంది,” అని మా ఆవిడ చొక్కా పట్టుకు లాగుతుంది. నేను అరుస్తూనే ఉంటాను.