ఎడారి లేని పుస్తకం

ఎదువిహెస్ మొంద్రగోన్‌కు యాభై రెండేళ్లు. లాస్ ఏంజెలెస్‌లో మా వలసవాళ్ల పేట బాయిల్ హైట్స్ లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా ఆవిరి ఇస్త్రీ చేస్తోంది. మధ్యాహ్నం తిండి వేళ పాత బిల్లుల వెనక కథలు రాస్తుంది. అన్నీ లాండ్రీ ఆడవాళ్ల కథలే. ఎవరిదో పెళ్లిగౌను తొడుక్కుని ఫొటో దిగుతూ దొరికిపోయిన విధవరాలి కథకు పేటంతా నవ్వింది.

పన్నెండు కథలు ఒక పెద్ద ప్రచురణ సంస్థకు పంపింది. అక్కడి సంపాదకురాలు ఫోన్ చేసినప్పుడు నేను చొక్కాల కోసం వెళ్లి కౌంటర్ దగ్గరే ఉన్నాను. ఎదువిహెస్ ఫోను స్పీకర్‌లో పెట్టి ఇస్త్రీ ఆపకుండా మాట్లాడింది.

"కథలు బాగున్నాయండీ. ఒక్కటే లోటు. మీరు సరిహద్దు దాటి ఈ దేశం వచ్చిన కథ లేదు. ఎడారి, దాహం, భయం... అది మొదట్లో పెడితే పుస్తకం వేస్తాం."

"నేను విమానంలో వచ్చానమ్మా. దాహమేస్తే నారింజ రసం ఇచ్చారు."

"కల్పనే కదా, రాయొచ్చు."

"ఆ దారిన వచ్చినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. చెప్పాలనిపించిన రోజు వాళ్లే చెప్పుకుంటారు. వాళ్ల దాహం నేను అమ్ముకోను."

"అది లేకుండా కష్టమండీ."

"అయితే వేయకండి."

ఎదువిహెస్ కూతురికి బాప్తిస్మం నాడు జ్ఞానతల్లిగా నిలిచిన రెఫుహియో, పక్క మిషను దగ్గర నుంచి అందుకుంది. "నీకేమైనా పిచ్చా? నాలుగు పేజీల ఇసుక పోసేస్తే పోయేదిగా!"

"నువ్వు పోసుకో, నీ నెత్తిన."

రెఫుహియో వారం రోజులు అలిగింది. తర్వాత ఆమే దారి చూపింది. మాలో ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండితే చేసే పండగ ఒక్క ఇంటి భారం కాదు. కేకు ఖర్చు పెట్టుకునేది ఒక జ్ఞానతల్లి, బూట్లకు ఒక జ్ఞానతండ్రి, బాజాకు మరొకరు. అందరి పేర్లూ పిలుపు కార్డు మీద పడాల్సిందే.

"పిల్లకు చేస్తాం, పుస్తకానికి చేయలేమా?" అంది రెఫుహియో.

కాగితానికి మాంసం కొట్టు ఆయన, అట్టకు పార్లర్ ఆవిడ ఒప్పుకున్నారు. మంగలి తెలెస్ఫోరోకు జిగురు మిగిలింది.

"వాడికి కాగితం, నాకు జిగురా?"

"నువ్వు లేకపోతే పేజీలు ఊడిపోతాయి తెలెస్ఫోరో, అచ్చు వేయడానికి నీ పేరు సరిగ్గా చెప్పు," అంది రెఫుహియో.

మొదటి పేజీలో ఎవరేమిచ్చారో పేర్లతో సహా అచ్చయింది. మూడు వందల ప్రతులు పది రోజుల్లో అమ్ముడైపోయాయి. ఎవరి ద్వారానో ఒకటి ఆ సంస్థకు చేరింది. మళ్లీ ఫోన్.

"ఎడారి అక్కర్లేదండీ, ఉన్నదున్నట్టు వేస్తాం. మొదటి పేజీలో ఆ పేర్లు మాత్రం తీసేద్దాం. మాంసం, జిగురు... చూడ్డానికి బాగోదు. ఒక్క పేజీయే కదా."

"అప్పుడు ఒక్క కథే అన్నారు," అంది ఎదువిహెస్. "ఆ పేజీ ఉంటేనే పుస్తకం."

జవాబు కోసం ఆగకుండా ఫోను పెట్టేసి మళ్లీ ఇస్త్రీ అందుకుంది. రెండో ముద్రణ మా వీధిలోనే జరిగింది. పెద్ద పుస్తకాల కొట్లలో ఆమె పుస్తకం ఇప్పటికీ దొరకదు.