మంచి కేసు

మా ఇంట్లో కేసు అనే మాటకు ఒకటే అర్థం. మా మామగారు గట్టు తగాదాలో ఇరుక్కుని, నంద్యాల కోర్టు మెట్లు ఎక్కీ దిగీ చెప్పులు అరగదీసుకున్నాడు. అందుకే ఎవరి నోట ఆ మాట వచ్చినా మా ఆయన ముందు తలుపు వైపు చూసేవాడు.

మా ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన తర్వాతి సంగతి ఇది. కర్నూల్లో డాక్టరు చదువు మొదలైంది. మా పుట్టింట్లో బడి దాటి చదివిన మొదటివాడు మా తమ్ముడు, అప్పుడు అక్కడ మూడో ఏడు చదువుతున్నాడు. ఆ ఏడే మా ఆయనకు దగ్గు పట్టుకుని వదల్లేదు. రాతిదుమ్ము అందరికీ ఉండేదే అనుకున్నాం కానీ, చొక్కా రోజురోజుకూ వదులవుతుంటే నాకు భయం వేసింది.

తమ్ముడు సెలవుల్లో ఇద్దరు స్నేహితులతో నంద్యాల ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వెంట తిరుగుతున్నాడు. "బావను పిల్చకరా అక్కా, నేనాడనే ఉంటా" అన్నాడు. బస్సెక్కి పోయాం.

పెద్ద డాక్టరు చూశాక ముగ్గురు కుర్రాళ్ళూ వంతులవారీగా మా ఆయన వీపు మీద చెయ్యి ఆనించి, వేలితో తట్టి విన్నారు. ఆయనా రాయి కొనేముందు ఇట్లాగే తట్టి చూసేవాడు. గంటలా మోగితే మంచి రాయి, బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. తమ్ముడు మాత్రం స్నేహితుల ముందు ఒక్కసారీ బావా అనలేదు. అది నేను గమనిస్తూనే ఉన్నాను. పెద్ద డాక్టరు "మంచి కేసు, బాగా వినండి" అంటే తలూపాడు కూడా.

అంతలో ఒకాయన ఆసుపత్రిలో చేరే కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నాడు. మా ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

"ముందు కేసన్నారు, ఇప్పుడు ముద్రంటాండారు. మా నాయనకు గూడ ఇట్లే మొదులైంది. లెయ్ మే, బస్సుకు టైమైతాంది" అన్నాడు నాతో.

"రోగినే కేసంటారు బావా" అని తమ్ముడు గొణిగాడు.

"ఇప్పుడు బావనైతినా?"

పక్కన తెర కట్టిన గదిలో ఒక భూస్వామి పడుకుని దగ్గుతున్నాడు. అందులోకి పెద్ద డాక్టరు ఒక్కడే పోయి వచ్చాడు. నేను తమ్ముణ్ణి వరండాలోకి లాగాను.

"ఆయప్పదీ దగ్గే గదా. ఆయన్ను మీరు తట్టలేదేందిరా?"

"ఆయప్ప ఒప్పుకోడక్కా."

"మీ బావ ఒప్పుకున్యాడా? ఎవురడిగినారు?"

ముద్ర వేయకుండానే మేం వచ్చేశాం.

రెండు రోజులకు ఆయన తుండుగుడ్డ మీద ఎర్రటి చార చూశాను. రాతిరంగు అన్నాడు. మా కొట్టంలో ఎర్రరాయి లేదని ఇద్దరికీ తెలుసు.

నాలుగోనాడు తమ్ముడు ఒక్కడే ఆళ్లగడ్డకు వచ్చి, రాళ్ళ మధ్య కూర్చున్నాడు.

"బావా, అడగడానికొచ్చినా. తట్టి చూడొచ్చునా?"

"ముందు నిన్ను తట్టనీ" అని మా ఆయన వాడి వీపు వంచి తట్టాడు. "మోగుతాంది. తలకాయలోనే బీట."

తమ్ముడు నవ్వలేదు. "అడగకపోయినా ఊరకుండేటోళ్ళ ఒంటిమీదనే మేము నేర్చుకుంటాండాము బావా. అక్క అడిగేదాకా నాకు తోచలేదు."

మా ఆయన చొక్కా విప్పాడు. ఎడమవైపు గంటలా పలికింది. కుడివైపు పైన బొంగురు. ఆ చప్పుడేమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉలి తీసి పక్కన పెట్టాడు.

"ఆ ఆసుపత్రి కాగితం నువ్వు చదివి చెప్తే, అందులో అదే ఉందని నమ్మకమేంది?"

"నమ్మకం లేదు బావా. ఇంగ్లీషులో ఉంది."

నమ్మమని చెప్పి ఉంటే ఆయన కదిలేవాడు కాదు.

ఆసుపత్రిలో మూడు నెలలుండి, తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చాడు. నాకు గుర్తుండేది మాత్రం చేరిన రోజే. ముద్ర వేశాక కుర్రాళ్ళు వచ్చారు. "ఈయన మా బావ. ముందు అడగండి" అన్నాడు తమ్ముడు. వాళ్ళు సిగ్గుపడుతూనే అడిగారు.

ఆడవాళ్ళ వార్డులో చోటు లేక పక్క మంచం మీద వేసిన ఒక ముసలామె, వాళ్ళను చూడగానే ఎవరూ చెప్పకుండానే వీపు తిప్పి పైట తొలగించుకుంది.

"ఆ యవ్వకు డాక్టరు చదివే మనవడు లేడు గదా" అన్నాడు మా ఆయన, గోడకేసి చూస్తూ.

తమ్ముడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అవ్వా, చూడొచ్చునా?"

ఆమె గబుక్కున లేచి కూర్చుని, తలకింది మూట ఒళ్ళోకి లాక్కుంది.

"ఏందప్పా, ఎన్నడూ లేంది నన్నడుగుతాండావు? నేను సచ్చిపోతాండానా ఏందీ?"